కెమెరా వైపు చూడమనే వాళ్ళ పక్షాన

ఈ మధ్య గోదావరి జిల్లాల పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫర్ల నోట తరచుగా వినపడే మాట ఒకటుంది: "కెమెరా వైపు చూడకండి, నేచురల్‌గా ఉండండి." పెళ్ళికూతురు ఒంటి నిండా నగలు పెట్టుకుని, గంటల తరబడి మేకప్ చేయించుకుని, మోయలేని పట్టుచీర కట్టుకుని, నెత్తి మీద డ్రోన్ గింగిర్లు కొడుతుంటే నిలబడి ఉంటుంది. ఆ పిల్లని నేచురల్‌గా ఉండమనడం! ఎలా ఉంటుంది పాపం? కొబ్బరితోట వైపు చూస్తూ నాలుగడుగులు వేస్తుంది, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరుగుతుంది, ఎవరూ జోకు వేయకుండానే నవ్వుతుంది. సరిగ్గా రాలేదంటే మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది. దీని పేరు క్యాండిడ్. దీనికి రేటు ఎక్కువ. స్టేజి మీద బంధువుల్ని వరసగా నిలబెట్టి "అందరూ ఇటు చూడాలండి, బాబూ, ఆ చివర ఎర్ర చొక్కా, మీరేనండి" అని అరిచే పెద్దాయన 'ట్రెడిషనల్' ఫొటోగ్రాఫరు. ఆయన రేటు తక్కువ, మర్యాద ఇంకా తక్కువ.

నేను ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ని. హైదరాబాదులో ఉంటూ చీరల షాపులకీ, నగల కంపెనీలకీ, అప్పుడప్పుడూ పత్రికలకీ తీస్తుంటాను. పుట్టింది నరసాపురం దగ్గర. ఫొటో ఎలా తయారవుతుందో మొదట చూసింది పాలకొల్లులో, మా మావయ్య స్టూడియోలో. ఈ తగువులో నేను ఆ పెద్దాయన వైపు. సింగారించుకుని, నిటారుగా నిలబడి, కెమెరా వైపు చూస్తూ దిగిన ఫొటో అబద్ధమనీ, మనకి తెలియకుండా ఎవరో తీసిందే నిజమనీ ఒక నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. అది తప్పని నా వాదన. తయారై దిగిన ఫొటోలో దిగినవాళ్ళ మాట ఎంతో కొంత చెల్లుతుంది. చాటుగా తీసినదాంట్లో తీసినవాడి మాట ఒక్కటే చెల్లుతుంది.

దీనికి నా సాక్షి ఇర్వింగ్ పెన్. అమెరికన్ ఫ్యాషన్ ఫొటోగ్రాఫరు. ఆయన గురించి ఎక్కడ చదివినా గొప్ప డిజైనర్ల పేర్లూ, గొప్ప మోడళ్ళ పేర్లూ బారులు తీరి వస్తాయి. నాకు మాత్రం ఆయన కథలో పాలకొల్లు కనిపిస్తుంది.

పెన్ 1917లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో పుట్టాడు. ఫిలడెల్ఫియాలో అలెక్సీ బ్రోడోవిచ్ అనే పెద్ద డిజైనరు దగ్గర చదువుకున్నాడు. చిత్రకారుడు కావాలన్న కోరికతో మెక్సికో వెళ్ళి ఏడాదిపాటు బొమ్మలు వేశాడు. అవి తనకే నచ్చలేదు. కాన్వాసుల మీద రంగు కడిగేసి తిరిగొచ్చేశాడు. 1943లో వోగ్ పత్రికలో చేరాడు, అదీ ఫొటోగ్రాఫరుగా కాదు. ఆర్ట్ డైరెక్టరు అలెగ్జాండర్ లిబర్మన్ దగ్గర సహాయకుడు. ముఖచిత్రాలకి ఐడియాలు చెప్పడం పని. అక్కడి ఫొటోగ్రాఫర్లకి ఈ కుర్రాడు చెప్పినట్టు తీయడం ఇష్టం లేకపోయింది. అయితే నువ్వే తీసెయ్ అన్నాడు లిబర్మన్. ఆ ఏడాది అక్టోబరు 1 సంచిక ముఖచిత్రం పెన్ తీసిందే. ఫ్యాషన్ పత్రిక అట్ట మీద మనిషే లేదు: ఒక తోలు సంచి, గ్లవ్స్, కొన్ని నిమ్మకాయలు, నారింజలు. మధ్యలో యుద్ధం వచ్చింది. అమెరికన్ ఫీల్డ్ సర్వీసులో చేరి ఇటలీలో అంబులెన్సు నడిపాడు, ఆ పని మీదే మన దేశానికీ వచ్చాడు. తర్వాత మళ్ళీ వోగ్. 2009లో, 92 ఏళ్ళ వయసులో చనిపోయేదాకా ఆ పత్రికతో అనుబంధం తెగలేదు.

ఇదంతా ఎక్కడైనా దొరికే జీవితచరిత్ర. నాకు కావలసింది 1948 డిసెంబరు.

ఆ ఏడు చివర్లో వోగ్ ఆయన్ని దక్షిణ అమెరికాలోని పెరూ పంపింది. రాజధాని లిమాలో జీన్ ప్యాచెట్ అనే మోడల్‌తో బట్టల ఫొటోలు తీయాలి. అక్కడ తీసిన వాటిలో ఒకటి చాలా పేరు తెచ్చుకుంది: కేఫ్‌లో కూర్చున్న ప్యాచెట్, ముత్యాల దండ నోటి దగ్గర, ఒక కాలి చెప్పు విడిచేసి ఉంటుంది. చూడగానే ఎవరో చాటునుంచి తీశారనిపిస్తుంది. తర్వాత ప్యాచెట్ చెప్పిన సంగతి వేరు. రోజులు గడుస్తున్నా పెన్ ఒక్క ఫొటో తీయడం లేదు. విసుగొచ్చి ఆమె చెప్పు విడిచేసి వెనక్కి వాలింది. పెన్ "ఆగు" అన్నాడు. ఆమె ఆగింది. అలసట నిజమైనదే. కానీ ఆగమన్నాక ఆగిందంటే అది పోజు కాక మరేమిటి? క్యాండిడ్ వాదులు ఈ ఫొటోని తమ ఖాతాలో వేసుకోవాలనుకుంటే ముందు ఆ "ఆగు" సంగతి తేల్చాలి.

లిమా పని అయ్యాక అందరూ న్యూయార్క్ వెళ్ళిపోయారు, పెన్ ఒక్కడూ ఆండీస్ కొండల్లో ఎత్తున ఉన్న కుస్కో పట్నానికి వెళ్ళాడు. ఊరి మధ్యలో ఒక ఫొటో స్టూడియో కనిపించింది. రాతి పలకల నేల, రంగులద్దిన తెర, పగటి వెలుతురు పడే కిటికీ. ఇదే నేను వెతుకుతున్న గది అనిపించి, దాని యజమానికి అద్దె ఇచ్చి, క్రిస్మస్‌కి నువ్వు సరదాగా తిరిగిరా అని పంపేశాడు. పండక్కి ఫొటో దిగుదామని చుట్టుపక్కల కొండల్లోంచి దిగివచ్చిన జనానికి స్టూడియోలో తమ ఫొటోగ్రాఫరు బదులు ఈ అమెరికన్ కనిపించాడు. పైగా వాళ్ళు ఇవ్వాల్సిన డబ్బులు తీసుకోవడం లేదు, ఎదురు తనే ఇస్తున్నాడు! మూడు రోజుల్లో సుమారు రెండు వందల ఫొటోలు తీశాడు. కొన్ని మరుసటి ఏడాది డిసెంబరు వోగ్‌లో వచ్చాయి. నేటికీ పెన్ పేరు చెప్తే పారిస్ గౌన్లతో పాటు కుస్కో అక్కాతమ్ముళ్ళని కూడా తలుచుకుంటారు: ఒక చిన్న బల్లకి చెరోవైపు ఆనుకుని నిలబడ్డ ఇద్దరు పిల్లలు, కాళ్ళకి చెప్పులు లేవు, చూపు మాత్రం నేరుగా మన వైపు.

ఇక్కడ నాకు ఆ యజమాని గుర్తొస్తాడు. ఆ గది ఆయన కట్టుకున్నది. ఆ తెర ఆయన ఎంచుకున్నది. ఆ కిటికీ ఎటు ఉండాలో ఆయన చూసుకున్నది. పండక్కి తయారై వచ్చి ఆ గదిలో నిలబడడం జనానికి అలవాటు చేసిందీ ఆయనే. పెన్ గొప్పతనం నేను తగ్గించను, ఆ ముఖాల్లోంచి అంత బరువు రప్పించడం అందరివల్లా కాదు. అయినా ఫ్యాషన్ ప్రపంచంలో అంత పేరున్న మనిషి వెతుక్కుంటూ వెళ్ళి అద్దెకి తీసుకున్నది ఒక చిన్న ఊరి స్టూడియోని.

మా మావయ్య స్టూడియో పాలకొల్లులో ఒక మేడ మీద ఉండేది. ఉత్తరం గోడకి నిలువెత్తు కిటికీ, దానికి తెల్ల పరదా. ఉత్తరం వైపు నుంచి ఎండ సూటిగా పడదు, వెలుతురు పూటపూటకీ పెద్దగా మారదు, ముఖం మీద నీడ మెత్తగా దిగుతుంది. పెన్ జీవితమంతా వెతుక్కున్న వెలుతురు అదే. 1967 నుంచి దహోమీ (ఇప్పటి బెనిన్), నేపాల్, కామెరూన్, న్యూగినీ, మొరాకోలకి ఏకంగా ఒక గుడారాన్నే స్టూడియోగా మోసుకెళ్ళి ఆ వెలుతురులో మనుషుల్ని నిలబెట్టాడు. మావయ్యకి పెన్ ఎవరో తెలియదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో ఫొటోలు తీసి బతకాలి కాబట్టి కిటికీ పెట్టించుకున్నాడు, అంతే.

తెర సంగతి ఇంకా బావుంటుంది. మావయ్య తెర మీద పాలరాతి మెట్లు, ఒక వైపు తామర కొలను, పైన చందమామ. నాటకాల వాళ్ళకి సీనరీలు వేసే ఆర్టిస్టు చేత రాయించాడు. ఆ తెరని నేను చాన్నాళ్ళు చులకనగా చూశాను, ఫొటోగ్రఫీ నేర్చుకున్న కొత్తలో అందరికీ ఉండే జబ్బే అది. తర్వాత చదివితే తెలిసింది: 1950లో పారిస్‌లో పెన్ ప్రఖ్యాత గౌన్లన్నీ తీసింది ఒక పాత నాటకశాల తెర ముందు. మరకలు పడి వెలిసిన గుడ్డ. దాన్ని న్యూయార్క్ తీసుకెళ్ళి జీవితాంతం వాడుకున్నాడు. మావయ్య తెర మాత్రం మేడ అమ్మినప్పుడు ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు.

తెరకంటే పెద్ద విద్య పూలజడల ఫొటో. గోదావరి జిల్లాల్లో పెరిగిన ఏ ఆడపిల్ల పాత ఆల్బమ్ తెరిచినా ఒకటుంటుంది: వేసవి సెలవులు, పట్టు పరికిణీ, జడ పొడవునా మల్లెమొగ్గలు, మధ్యమధ్య కనకాంబరాలు, ముఖంలో సగం గర్వం సగం చిరాకు. మొగ్గలు కుట్టడానికే ఒక పూట పట్టేది. సాయంత్రానికి విచ్చుకుంటాయి కాబట్టి ఆలోగా స్టూడియోకి పరుగెత్తాలి. అక్కడ అసలు సమస్య మొదలు. ముఖం ముందుంది, జడ వెనకుంది, రెండూ ఒకే ఫొటోలో రావాలి. అందుకని పిల్ల వెనక నిలువుటద్దం.

చెప్పడానికి ఇంతే. తీసి చూస్తే తెలుస్తుంది. అద్దం కొంచెం వాలుగా పెట్టాలి, లేకపోతే కెమెరా, ఫొటోగ్రాఫరు, గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మ, అందరూ పడతారు. అద్దంలో కనిపించే జడ దూరం అద్దం దాకా ఒకటి, అద్దం నుంచి తిరిగి జడ దాకా ఇంకొకటి, రెండూ కలుపుకోవాలి. ముఖానికి ఫోకస్ చేస్తే జడ మసక, జడకి చేస్తే ముఖం మసక. రెండూ స్పష్టంగా రావాలంటే అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కన్నం, బాగా తగ్గించాలి. తగ్గిస్తే వెలుతురు చాలదు, షట్టర్ నెమ్మదించాలి. షట్టర్ నెమ్మదిస్తే పిల్ల కదలకూడదు. జడ బరువుకి మెడ లాగేస్తున్న ఏడేళ్ళ పిల్ల కదలకుండా ఉండాలి! మావయ్య ఫిల్ము రోలుకి పన్నెండు ఫొటోలు. రెండోసారి తీస్తే తన జేబులోంచే పోయినట్టు. అందుకే నొక్కేముందు ఆయన పడే టెన్షన్ ఇవాళ నా సెట్ మీద ఎవరికీ ఉండదు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక అలంకారాన్ని దాని ముందు వెనకలతో సహా, అది ధరించిన మనిషి వ్యక్తిత్వం చెడకుండా, ఒక్క ఫ్రేములో చూపించడం. ఫ్యాషన్ ఫొటోగ్రఫీ అంటే ఇదే కదా? ఇవాళ ఆన్‌లైన్ షాపులకి నేను ముందు ఫొటో ఒకటి, వెనక ఫొటో ఒకటి విడివిడిగా తీసిస్తాను, తెల్ల గోడ ముందు, పొద్దున్నుంచి రాత్రిదాకా, మోడల్‌కి నా పేరు గుర్తుండదు, నాకు ఆమె పేరు గుర్తుండదు. ఫ్యాషన్ ఫొటోగ్రాఫరు జీవితం అంటే పార్టీలూ విమానాలూ అనుకునేవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు. ఇస్త్రీ ఆవిరి, ముడతలు, మూడు నెలలకి వచ్చే చెక్కు. మావయ్యకి కనీసం డబ్బులు అప్పటికప్పుడు చేతిలో పడేవి.

స్టూడియోలో మేకుకి ఒక నల్ల కోటు వేలాడుతుండేది, పక్కన ముడి వేసి ఉంచిన టై. ఎవరొచ్చినా అదే కోటు. సన్నవాడొస్తే వెనక పిన్నీసులు పెట్టి బిగించేవాడు మావయ్య. మరీ లావుగా ఉన్నవాళ్ళకి మాత్రం వీపు మధ్యలో కుట్టు విప్పేసి ఉంచిన కోటు ఇంకోటి ఉండేది. ముందు నుంచి చూస్తే కొలతలు తీసి కుట్టించినట్టే ఉండేది. పెద్ద పెద్ద బ్రాండ్ల షూటింగుల్లో మేము చేసేదీ సరిగ్గా ఇదే, పిన్నీసుల బదులు క్లిప్పులు. మోడల్ వెనక్కి తిరిగితే వీపంతా క్లిప్పులే.

కోటు అతనిది కాదు కదా, మరది అబద్ధం కాదా అంటారు. ఈ ప్రశ్నకి జవాబు ఇంకో ఫ్యాషన్ ఫొటోగ్రాఫరు దగ్గరుంది. రిచర్డ్ ఆవెడన్, పెన్‌కి సాటి, పోటీ. పారిస్‌లో డియోర్ గౌను తొడిగిన డొవీమా అనే మోడల్‌ని ఏనుగుల మధ్య నిలబెట్టి 1955లో తీసింది ఈయనే. ఆవెడన్ చిన్నప్పటి ఇంటి ఆల్బమ్‌లో దాదాపు ప్రతి ఫొటోలో ఒక కుక్క ఉండేదట. వాళ్ళింట్లో ఏనాడూ కుక్క లేదు. ఫొటో కోసం ఎవరిదో అరువు తెచ్చేవారు. వెనక ఉన్న ఇల్లూ కారూ కూడా ఎవరివో. పెద్దయ్యాక దాని గురించి రాస్తూ, తాము ఎవరన్న విషయంలో ఆ ఫొటోలు అబద్ధమనీ, ఎవరు కావాలనుకున్నారన్న విషయంలో నిజమనీ తేల్చాడు. పాలకొల్లు కోటుకి ఇంతకంటే మంచి వకీలు దొరకడు.

ఆవెడన్ మొదటి ఉద్యోగం కూడా మా వైపు వాళ్ళకి తెలిసిన పనే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మర్చంట్ మెరైన్‌లో చేరి నావికుల గుర్తింపు కార్డులకి ఫొటోలు తీసేవాడు. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ గల్ఫ్ దేశాలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. కువైట్, మస్కట్, దుబాయ్. ఇళ్ళలో పనికి. వాళ్ళు పాస్‌పోర్టు ఫొటోకి మావయ్య దగ్గరికి వచ్చేవారు. నవ్వకూడదు, చెవులు కనపడాలి, వెనక తెల్లగా ఉండాలి. అది అయ్యాక చాలామంది వెంటనే లేచేవారు కాదు. "ఇంకోటి తీయండి, నిలువుగా" అనేవారు. సంచిలోంచి మంచి చీర తీసి, లోపలి గదిలో కట్టుకుని, పౌడరు రాసుకుని, చందమామ తెర ముందు నిలబడేవారు. ఒకటి ప్రభుత్వానికి, రెండోది పిల్లల కోసం ఇంట్లో వదిలి వెళ్ళడానికి. ఈ రెండిట్లో ఆ మనిషి అసలు ఫొటో ఏది? ఏ అలంకారం లేని మొదటిది అనేవాళ్ళు ఆ పిల్లల్ని అడిగి చూడాలి.

అయితే మావయ్య స్టూడియోలో నాకు నచ్చని పనీ ఒకటి జరిగేది. పెళ్ళి సంబంధాల ఫొటోలకి 'టచింగ్'. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముఖం ఉన్న చోట రుద్దితే ప్రింటులో ఆ మేర తెల్లబడుతుంది. మొటిమలు పోతాయి, దాంతోపాటు ఒంటి రంగూ పోతుంది. చామనచాయ పిల్ల ఫొటోలో పాలపిల్ల. ఇవాళ ఆ పని ఫోన్ దానంతట అదే చేసేస్తోంది, నా క్లయింట్లు "కొంచెం బ్రైట్ చేయండి" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నదీ అదే. అలంకారం తప్పు కాదంటున్నావు, ఇదీ అలంకారమే కదా అని నన్ను నిలదీయొచ్చు. కాదు. పూలజడ ఆ పిల్ల ఇష్టపడి వేయించుకున్నది, కోటు ఆ కుర్రాడు మోజుపడి తొడుక్కున్నది. ముఖం తెల్లబరిచింది మాత్రం ఫొటో చూడబోయే మగపెళ్ళివారి కోసం. దిగిన పిల్లని ఎవరూ అడగలేదు. నేను గీసే గీత అక్కడ.

ఆ గీత దగ్గర పెన్ కూడా తడబడ్డాడు. 1950లో పారిస్‌లో గౌన్లు తీస్తున్న ఆ గదిలోనే, అదే తెర ముందు, కసాయివాళ్ళనీ, చేపలమ్మేవాళ్ళనీ, వంటవాళ్ళనీ పనిముట్లతో సహా నిలబెట్టి తీయడం మొదలుపెట్టాడు. తర్వాత లండన్‌లో, న్యూయార్క్‌లో కూడా. రాణులకి ఇచ్చిన వెలుతురే పారిశుధ్య కార్మికుడికీ ఇచ్చాడని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ న్యూయార్క్‌లో ఒక తమాషా జరిగింది. పని బట్టల్లో రమ్మని చెప్పినా కొందరు శుభ్రంగా గడ్డం గీసుకుని, ఆదివారాలు తొడుక్కునే సూట్లు వేసుకుని దిగారు. ఈ సంగతి పెన్ తనే రాసుకున్నాడు. ఆయనకి కావలసింది నూనె మరకల బట్టలు. వాళ్ళకి కావలసింది సూటు. ఆ ఫొటోల పుస్తకంలో మనం చూసేది ఎక్కువగా ఆయనకి కావలసినదే. నిలబడే తీరు వాళ్ళకి వదిలాడు, బట్టలు వదల్లేదు.

ఇది డెబ్బై అయిదేళ్ళ కిందటి న్యూయార్క్ ముచ్చట అనుకునేదాన్ని, నరసాపురంలో పని చేసేదాకా.

నరసాపురం లేసు గురించి చదువుతున్నవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1844లో మెక్రే అనే స్కాట్లాండు మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పారు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టూ ఊళ్ళలో ఇళ్ళ అరుగుల మీద సూది, దారపు ఉండ పట్టుకుని అల్లే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సరుకు విదేశాలకి పోతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వీళ్ళ మీదే ఒక పుస్తకం రాసింది. రోజంతా అల్లే వీళ్ళని అందరూ 'గృహిణులు' అంటారు, వాళ్ళు చేసేది తీరిక వేళ కాలక్షేపం అంటారు, అందుకే కూలి అంత తక్కువ అని ఆమె వాదన. ప్రపంచమంతా తొడుక్కునే బట్టకి అంచు అల్లిన ఈ చేతులు కోనసీమ కొబ్బరిచెట్ల లాగానే ఫొటోల్లో కనిపిస్తాయి, వెనక ఎక్కడో.

వేరే నగరానికి చెందిన ఒక బట్టల కంపెనీ తమ లేసు గౌన్లకి ఫొటోలు కావాలంది. మోడల్‌ని తీసుకొచ్చి గోదావరి గట్టున, పడవ మీద తీయాలి. దాంతోపాటు 'పనివాళ్ళవి' నాలుగు. ఎలా ఉండాలో కాగితం మీద రాసి పంపారు: ముడతలు పడ్డ చేతులు దగ్గరగా, సూది, కిటికీ వెలుతురు, తల వంచుకుని ఉండాలి, కెమెరా వైపు చూడకూడదు. ఇది చదివి నేనొకటి అడిగాను: ఆ గౌన్లు అల్లినవాళ్ళనే, ఆ లేసే తొడిగించి, తెర ముందు నిలబెట్టి తీద్దామా? తీసి చూపించండి అన్నారు. నేను మహా విప్లవం చేస్తున్నాననుకున్నాను.

లేసు అల్లే పెద్దావిడ ఒకరు నా ఐడియా విని నవ్వింది. "ఇది మేమెందుకు తొడుక్కుంటాం అమ్మాయ్? రోజంతా ఒళ్ళో పెట్టుకునేదే కదా. ఫొటో అంటే మంచి చీర కట్టుకోవద్దూ?" పక్కావిడ వెంటనే అందుకుంది: "మా కోడలు మస్కట్ నుంచి తెచ్చిన చీరుందండి, అది కట్టుకొస్తాను, ఉండండి." నేను న్యూయార్క్‌లో పెన్ నిలబడ్డ చోటే నిలబడ్డానని అప్పుడు అర్థమైంది. కంపెనీ వాళ్ళకి వంచిన తల కావాలి, నాకు లేసు గౌను కావాలి, వీళ్ళకి పట్టుచీర కావాలి. మొదటి రెండిటికీ పెద్ద తేడా లేదు.

సరే, వాళ్ళకి కావలసినట్టే తీశాను. వాకిట్లో రెండు వాసాలకి గుడ్డ కట్టి, ఉత్తరం వైపు తిప్పి. ఎవరికి వాళ్ళు తయారై వచ్చారు. ఒకావిడ గాజులన్నీ తీసేసి ఒక్క వాచీ పెట్టుకుంది, అదేమిటండీ అంటే "గాజులు అందరికీ ఉంటాయి" అంది. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు వదల్లేదు. సూది పట్టుకుంటారా అని అడిగితే ఒక్కరే పట్టుకున్నారు, మిగతావాళ్ళు ఫొటోలో కూడా పనేనా అన్నారు. ఎవరూ తల వంచలేదు. నేను ఇన్నేళ్ళలో తీసిన ఫ్యాషన్ ఫొటోల్లో నాకు బాగా నచ్చినవి అవే. బట్ట ఎలా కట్టుకోవాలో, ఎటు తిరిగితే అంచు కనపడుతుందో, చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆ ఆడవాళ్ళకి చెప్పాల్సిన పని పడలేదు. దారంతో ఇన్నేళ్ళు గడిపినవాళ్ళకి బట్ట ఎలా పడుతుందో తెలియకుండా ఉంటుందా?

కంపెనీ వాళ్ళకి నచ్చలేదు. బావున్నాయి కానీ 'నేచురల్‌గా' లేవన్నారు. పనివాళ్ళలా కనిపించడం లేదు, పెళ్ళికి వచ్చినట్టున్నారన్నారు. చివరికి వాడుకున్నది సూది పట్టుకున్న చేతుల ఫొటో ఒక్కటే, మిగతా మనిషిని కత్తిరించేసి. పడవ మీద మోడల్ మాత్రం ఎంతో సహజంగా ఉందట. ఆ అమ్మాయి ఆ 'సహజం' కోసం మధ్యాహ్నమంతా నడుముకి క్లిప్పులతో, ఎండకి కళ్ళు మండుతుంటే, గట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఆమె కష్టాన్ని నేను తక్కువ చేయను, అది ఆమె వృత్తి, దానికి ఆమెకి డబ్బిచ్చారు.

డబ్బు మాట కూడా అక్కడే వచ్చింది. సామాను సర్దుతుంటే పెద్దావిడ అడిగింది, ఆ పడవ మీద అమ్మాయికి రోజుకి ఎంతిస్తారని. చెప్పాను. ఆవిడ పక్కావిడ వైపు చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కేసింది. "మాకు దారం లెక్కన కదా" అని ఊరుకుంది. ఫొటోలు ప్రింటు వేయించి పంపుతానంటే, చిన్నవి వద్దు, గోడకి పెట్టుకునే సైజు పంపమన్నారు.

అప్పటినుంచి లేసు గానీ నేత గానీ ఏ పని వచ్చినా నా కొటేషన్‌లో 'మోడల్ ఫీజు' అన్న వరసలో అల్లేవాళ్ళ పేర్లూ రాస్తున్నాను, అందరికీ ఒకే రేటు. కింద ఇంకో షరతు: తమ ఫొటోకి తాము ఏం కట్టుకోవాలో వాళ్ళిష్టం. చాలామంది క్లయింట్లు ఆ వరస కొట్టేసి పంపుతారు, కొందరు బేరమాడతారు. బందరులంక చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం వాళ్ళు మాత్రం ఈమధ్య ఏమీ అడక్కుండా ఒప్పుకున్నారు. సంక్రాంతి వెళ్ళాక షూటింగు. నేతగాళ్ళలో ఒకాయన ఇప్పటికే ఫోన్ చేసి, కోటు వేసుకుంటే ఫర్వాలేదా అని అడిగాడు.